చీటీ కట్టిన తాబేలు

నాంపల్లి స్టేషన్‌లో బండి దిగి అబిడ్స్ వైపు నడిచి వచ్చేవాళ్ళకు కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఒకటి తగులుతుంది. దాని పక్క సందులోకి ఆటో పట్టదు. పట్టకపోవడమే మేలని ఆ సందువాళ్ళంటారు, పట్టి ఉంటే ఆ ఇళ్ళన్నీ ఎప్పుడో లాడ్జీలయ్యేవట. దుకాణం పైవాటాలో రెండు గదులు, వెనక ఒక వసారా. భావనారాయణ ముప్ఫై ఏళ్ళుగా అక్కడే కిరాయికి ఉంటున్నాడు. ఆయన తండ్రి యాభై ఆరులో రాజధాని మారినప్పుడు కర్నూలు నుంచి ఫైళ్ళ మూటలతో పాటు లారీ ఎక్కి వచ్చిన గుమాస్తా. దారిలో వాన పడితే తన దుప్పటి ఫైళ్ళకు కప్పాడనీ, ఫైళ్ళు పొడిగానే చేరాయి గానీ జలుబు మాత్రం తనకు మిగిలిందనీ చచ్చేదాకా చెప్పుకున్నాడు. అది వేరే కథ.

భావనారాయణ ఒక కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో ముప్ఫై నాలుగేళ్ళు అసిస్టెంటుగా పనిచేశాడు. కప్పను కోసి, గుండె తీసి, ఉప్పునీళ్ళలో కొట్టుకునేలా అమర్చి పిల్లలకు చూపించడం ఆయన పని. సీసాలో వేసిన ప్రతి జీవికీ చీటీ రాసి కట్టడం కూడా ఆయన పనే. చీటీ లేని సీసా తల లేని శవం లాంటిదని అనేవాడు. రిటైరై పదేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. వంటింట్లో కందిపప్పు డబ్బాకు చీటీ, ఆవకాయ జాడీకి చీటీ, మాత్రల పెట్టెకు చీటీ. ఆయన భార్య విద్యావతి నవ్వేది. "నాకూ ఒకటి కట్టండి. కోఠి బస్టాపులో తప్పిపోతే ఎవరైనా తెచ్చి అప్పజెబుతారు" అనేది.

ఆ నవ్వు ఏడాదిగా లేదు. ఆమెకు ఉబ్బసం. మాట మధ్యలో పిల్లికూతలు. పదకొండు నెలలుగా ఆమె మంచం మీద వెల్లకిలా పడుకోలేదు. గోడకు నాలుగు దిళ్ళు చేరవేసి, వాటికి ఆనుకుని, కూర్చునే తెల్లవార్చేది. దవాఖానలో చేయగలిగిందంతా చేశారు. ఇక ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకోవడమేనన్నారు. విద్యావతి దానికి ఒప్పుకోలేదు. తనకు ఒక్క రాత్రి, ఒకే ఒక్క రాత్రి, వెల్లకిలా పడుకుని నిద్రపోవాలని ఉందని, ఆ తరువాత ఏమైనా ఫరవాలేదని అంది. తాబేలు నెత్తురు పచ్చిగా తాగితే ఆయాసం పోతుందన్న సంగతి ఆమే ఎక్కడో విని వచ్చింది. భావనారాయణ ఆ మాట కొట్టిపారేశాడు. నెత్తురు కడుపులోకి పోతుంది గానీ ఊపిరితిత్తుల్లోకి పోదని బొమ్మ గీసి మరీ చూపించాడు. ఆమె బొమ్మ చూసింది. పిల్లికూతల మధ్య ఒక్కో మాటా ఏరుకుంటూ, "మీ బొమ్మ... బాగానే... ఊపిరి పీలుస్తోంది" అంది.

మర్నాడే ఆయన ఆ నెత్తురు ఇచ్చే రాజమల్లు కోసం వెతుక్కుంటూ వెళ్ళాడు.

మృగశిర వచ్చిందంటే ఉబ్బసం మనుషులు చేపమందు మింగడానికి ఊళ్ళు దాటి నాంపల్లికి వస్తారు. అది పదిమందిలో జరిగేది. రాజమల్లుది చాటు వ్యవహారం. స్టేషన్ వెనక రేకుల గది. బయటికి చేపల వలలు అల్లేవాడు. లోపల గోనెపట్టాలు కప్పిన మూడు ఇనప తొట్లు. తాబేలును పట్టడం నేరం, దొరికితే జైలు. ఎవరు పంపారో చెప్పించుకున్నాక గానీ అతను తలుపు తీయలేదు.

పట్టా తొలగించగానే బురద వాసన, పాచి వాసన, దానికింద పచ్చినెత్తురు లాంటి మరో వాసన. నీళ్ళలో పళ్ళెమంత తాబేలు. చిప్ప రాయిలా ఉండదు దానికి. మీద తడి తోలు పరిచినట్టుంటుంది, అంచులు వేలితో నొక్కితే వంగుతాయి. ముక్కు కొస చిన్న గొట్టంలా నీళ్ళ పైకి తేలి ఉంది. భావనారాయణకు అది పాత చుట్టం కనబడ్డట్టే ఉంది. గొంతు లోపలి పొరతో నీళ్ళలోంచే గాలి తీసుకోగలదనీ, మెడ చాపితే తన వెనక కాలిని తానే అందుకోగలదనీ, వెనక కాళ్ళను లోపలికి లాక్కుని కింద ఉన్న తోలురెక్కలతో తలుపు వేసినట్టు మూసుకుంటుందనీ ఆయన రాజమల్లుకు చెప్పబోయాడు. రాజమల్లు ఓపికగా విని తన జాబితా తాను చెప్పాడు. నెత్తురు ఆయాసానికి, కొవ్వు కీళ్ళ నొప్పులకు, మాంసం క్షయకు, చిప్ప కాల్చిన బూడిద నువ్వుల నూనెలో కలిపి మూలశంకకు. ఒక్క గోళ్ళు మాత్రం దేనికీ పనికిరావని విచారపడ్డాడు.

తరువాత గొంతు తగ్గించాడు.

"ఒక్కటి యాది పెట్టుకో సారూ. రోగం పేరు చెప్పు, వయసు చెప్పు. మనిషి పేరు మాత్రం దీని ముంగట తీయకు."

ఎందుకని అడిగాడు భావనారాయణ.

"పేరు తెలిస్తే నీళ్ళది తన పానం తీస్కపోయి గా మనిషి కాడ దాచుకుంటది. మా తాత చెప్పిండు. నవ్వుతున్నవ్ గదా, నవ్వు. పేరు తీయకు, గంతే."

అతను తాబేలు అన్న మాట కూడా అనడు. నీళ్ళది అంటాడు.

ఆయన నవ్వును మీసంలో దాచుకుని మధ్య తొట్టిలో ఉన్న చురుకైన ఆడదాన్ని ఎంచుకున్నాడు. దానికి రెండు రోజులు మంచినీళ్ళు మార్చి, బురద కక్కించి, ఆదివారం సాయంత్రం ఇంటికే తెస్తానన్నాడు రాజమల్లు. ఇంతలో బయట ఎవరో పిలిస్తే వెళ్ళాడు.

భావనారాయణ ఒంటరిగా మూడు తొట్ల మధ్య నిలబడ్డాడు. మూడు తాబేళ్ళు, ముగ్గురు రోగులు. రెండు రోజుల్లో ఇతను ఒకదానికొకటి మార్చేస్తే? ల్యాబులో ఇలాంటి తారుమార్లు ఎన్ని చూశాడు. చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. నీళ్ళకు చెదరని మైనం అట్ట, నల్లసిరా కలం, కుట్లు వేసే దారం ఎప్పుడూ జేబులో ఉండేవే. రాశాడు. రకం: మెత్తచిప్ప తాబేలు. ఆడ. నాంపల్లి. తేదీ. ఆఖరి వరసలో ఎవరిదో రాయాలి కదా. విద్యావతి అని రాశాడు.

నోటితో అనలేదుగా, అనుకున్నాడు.

కుడి వెనక కాలికి కట్టాడు. తాబేలు కాలు లోపలికి లాక్కుంది. తోలురెక్క మూసుకుంది. చీటీ కనబడకుండా పోయింది.

ఆదివారం మధ్యాహ్నం నుంచే మబ్బు కమ్మింది. నాలుగింటికి గదుల్లో దీపాలు వేసుకోవలసి వచ్చింది. కింద దుకాణానికి సెలవు. సందులో మనిషి అలికిడి లేదు. రాజమల్లు గోనెసంచి భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. వసారాలో అంట్లు తోమే గట్టు మీద సంచి దించి, నీళ్ళదాన్ని వెల్లకిలా పడేశాడు. విద్యావతి గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది, చేతిలో స్టీలు గ్లాసు. ఆమె ఊపిరి ఈల వేస్తోంది. నిమిషానికి ముప్ఫై నాలుగు. భావనారాయణ అలవాటుగా లెక్కపెట్టాడు.

రాజమల్లు వేపపుల్ల దాని మూతికి అందించాడు. టక్కున పట్టింది. పుల్లను లాగాడు. మెడ బయటికి వచ్చింది, జానెడు. ఇంకా లాగాడు. ఇంకా వచ్చింది. చర్మం నిగారించి, లోపలి నరాలు నీలంగా కనబడేంత సాగింది. కాళ్ళు గాలిని గోకుతున్నాయి. విద్యావతి చూపు తిప్పుకోలేదు. కత్తి ఒక్కసారి తెగలేదు. మెడ ఎముక దగ్గర ఆగింది. రాజమల్లు మోకాలు చిప్ప మీద వేసి, రంపంలా రెండుసార్లు ఆడించాడు. చిటుక్కుమంది. తల గట్టు కింద పడింది. నెత్తురు గ్లాసులోకి ఎగిరెగిరి పడింది, కొంత విద్యావతి చీర మీద చిందింది.

ఆమె గటగటా తాగేసింది. పైటతో మూతి తుడుచుకుంది. ముగ్గురూ ఎదురుచూశారు.

పిల్లికూత ఆగిపోయింది.

తగ్గడం కాదు, ఆగిపోయింది. ఆమె లోపలికి గాలి పీల్చిన చప్పుడు, ఏడాది తరువాత, ఒట్టి గాలి చప్పుడులా ఉంది. ఆమె లేచి మాట్లాడకుండా లోపలి గదిలోకి వెళ్ళింది. దిళ్ళు ఒక్కొక్కటే కింద పడేసింది. మంచం మీద వెల్లకిలా పడుకుంది.

భావనారాయణ కళ్ళు మసకబారాయి. ఆ మసకలోనే గట్టు కింద పడ్డ తలను తీయబోయాడు. తెగిన తాబేలు తల గంటసేపు కరుస్తుందని, జాగ్రత్త అని, ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకు చెప్పినవాడు. కానీ ఆయన చూపు మంచం మీద ఉంది.

ఎడమ అరచేతిని పట్టింది.

పళ్ళు లేని నోరు అది, అంచు మాత్రం గీకిన కొమ్ములా పదును. బొటనవేలి కండలో ఎముక దాకా దిగింది. చెయ్యి విదిలిస్తే తల కూడా ఊగింది. దాని కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. పళ్ళ బిగువున అరుపు ఆపుకున్నాడు, ఆమె నిద్ర చెడుతుందని. రాజమల్లు తిరిగి చూడలేదు. అతను అడుగు చిప్పను అంచుల వెంట కోసి మూతలా లేపుతున్నాడు. లోపల ఎర్రగా, ఉసిరికాయంత గుండె కొట్టుకుంటోంది. నెత్తురంతా కారిపోయాక కూడా తాపీగా కొట్టుకుంటోంది. దాని వెనక, సడలిన తోలురెక్క కింద నుంచి, చీటీ బయటికి జారింది.

రాజమల్లుకు చదువు రాదు. అయినా అతని చెయ్యి ఆగింది.

"ఏం రాసినవ్ సారూ."

భావనారాయణ కుడిచేత్తో చీటీ అందుకోబోయాడు.

"పేరు రాసినవా."

చెప్పకపోవడమే చెప్పడమైంది. రాజమల్లు మొహంలో రంగు దిగిపోయింది. కత్తి పిడి మార్చి పట్టుకున్నాడు, మొన కిందికి వచ్చేలా. గుండెను పొడిచెయ్యాలన్నాడు. ఇప్పుడే, ఇక్కడే, దాని ప్రాణం ఇంకా ఆమె దగ్గరికి పోతుండగానే. భావనారాయణ ఆపేలోపు కత్తి మొన గుండెను గీసింది. ఒక్క గీత.

లోపలి గదిలో విద్యావతి కేక పెట్టింది.

ఆయన పరిగెత్తాడు. ఆమె రెండు చేతులతో రొమ్ము పట్టుకుని విల్లులా వంగి ఉంది. మంచం పట్టీకి తల కొట్టుకుంటోంది. నోటి పక్క నుంచి సన్నగా నెత్తురు. కళ్ళు ఆయన మీద ఉన్నాయి గానీ ఆయన్ని చూడటం లేదు. ఆయన తిరిగి వసారాలోకి వచ్చేసరికి రాజమల్లు రెండోసారి కత్తి ఎత్తాడు. వద్దన్నాడు భావనారాయణ. ఆమె చచ్చిపోతుంది, వద్దు.

"లోపల పండుకున్నది అమ్మ కాదిప్పుడు. జర ఇను. జరుగు."

గట్టు మీద పచ్చడిబండ ఉంది. భావనారాయణ జీవితంలో మనిషి మీద చెయ్యెత్తలేదు. ఒకసారి బస్సులో జేబుదొంగ దొరికితే కూడా అతని చేతి గాయానికి తన రుమాలే కట్టినవాడు. కుడిచేత్తో బండ ఎత్తి రాజమల్లు చెవి పైన కొట్టాడు. ఎండు కొబ్బరికాయ పగిలిన చప్పుడు. రాజమల్లు మోకాళ్ళ మీద కూలాడు, అయినా కత్తి వదల్లేదు. గుడ్డిగా విసిరితే భావనారాయణ పిక్క చీరుకుపోయింది. మళ్ళీ కొట్టాడు. ఈసారి మణికట్టు మీద. మళ్ళీ భుజం మీద. కొడుతున్నప్పుడల్లా ఎడమచేతికి వేలాడుతున్న తల కూడా ఊగి రాజమల్లు మొహానికి తగులుతోంది. కత్తి గట్టు కిందికి జారింది. రాజమల్లు పాకుతూ, గోడ పట్టుకుంటూ మెట్లు దిగాడు. గోడ మీద నడుమెత్తున ఒక ఎర్రటి చార సందు దాకా పోయింది.

అప్పుడు వాన మొదలైంది.

భావనారాయణ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆయన ఆలోచించలేదు. గుండెను నాళాలతో సహా కోసి గాజుగిన్నెలోకి తీశాడు. లీటరు నీటికి ఆరున్నర గ్రాముల ఉప్పు. ల్యాబులో ఇంకో మూడు లవణాలు కలిపేవారు, ఇంట్లో ఎక్కడివి? చిటికెడు వంటసోడా. తమలపాకుల డబ్బాలోని సున్నం తేట రెండు చుక్కలు. దేవుడి దగ్గర కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు నాలుగు చుక్కలు. కలిపి, గోరువెచ్చగా గిన్నెలో పోశాడు. గీత పడ్డచోట నెత్తురు గడ్డకట్టి మూసుకుంది. గుండె తడబడింది. ఆగింది.

గదిలో ఊపిరి ఆగింది...

వేలితో మెల్లగా తాకాడు. ఒక్కటి... రెండు... గదిలో గాలి పీల్చిన చప్పుడు. ఒక్కటి... రెండు...

గిన్నె పట్టుకుని మంచం పక్కన చేరాడు. గడియారం చూశాడు. గుండె నిమిషానికి పద్దెనిమిది. విద్యావతి ఊపిరి పద్దెనిమిది. ఒక చుక్క చల్లనీళ్ళు గిన్నెలో వేసి చూశాడు. గుండె నెమ్మదించింది. ఆమె రొమ్ము లేవడం ఆలస్యమైంది... పెదాలు నల్లబడ్డాయి... గిన్నెను చొక్కా కింద పొట్టకు ఆనించుకున్నాడు. వెచ్చబడ్డాక పెదాలు మళ్ళీ ఎర్రనయ్యాయి.

ఇంక చూడలేదు. చూడవలసింది చూశాడు.

కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలుగులో కత్తెర తెచ్చి తల దవడ కండరాలను అటూ ఇటూ కత్తిరించాడు. ఎక్కడ కత్తిరించాలో తెలిసినవాడు కాబట్టి సరిపోయింది. దవడ వదులైంది. తన కండ కొంచెం దాని నోట్లోనే ఉండిపోయింది. చేతి గాయానికీ, పిక్కకూ పాత ధోవతి చింపి చుట్టాడు. మంచం మీద ఆమె వెల్లకిలా, నోరు కొద్దిగా తెరిచి, చంటిపిల్లలా నిద్రపోతోంది. పదకొండు నెలల తరువాత.

ఆమె మర్నాడు పొద్దున ఎనిమిదింటికి లేచింది. ఆకలన్నది. గిన్నెలోకి చూసింది, ఏమీ అడగలేదు. ఆయన చేతి కట్టు చూసి ఏమైందని మాత్రం అడిగింది. పచ్చడిబండ జారిందన్నాడు. రాజమల్లు ఏడని అడగలేదు. వసారా కడిగింది. గోడ మీద చార కూడా తానే తుడిచింది, పాట పాడుకుంటూ.

తొమ్మిది రోజులు గడిచాయి. విద్యావతి ఒక్కతే బేగం బజార్ వెళ్ళి మిరపకాయలు తెచ్చింది, సంచి తానే మోసుకుంది. దవాఖానలో ఊపిరితిత్తులు విని డాక్టరు మెచ్చుకున్నాడు. భావనారాయణ స్టేషన్ వెనక్కి ఒకసారి వెళ్ళి చూశాడు. రేకుల గదికి తాళం, తొట్లు బోర్లించి ఉన్నాయి. పక్కన టీ కొట్టు పెంటయ్యను అడిగితే, తలకు కట్టుతో ఊరికి పోయిండని, మళ్ళ రానని చెప్పిండని అన్నాడు. ప్రాణం పోలేదు కదా అనుకుని భావనారాయణ గబగబా ఇంటిదారి పట్టాడు. గిన్నెను రెండు గంటలకంటే వదిలి ఉండలేడు.

రెండు గంటలకొకసారి నీళ్ళు మార్చాలి. ఉప్పు తూచాలి. వెచ్చగా ఉంచాలి. కోసి తీసిన గుండె ఒక పూట కొట్టుకుంటుంది, మహా అయితే ఒక రోజు. ఇది తొమ్మిదో రోజు. ఎందుకు కొట్టుకుంటోందని ఆయన తనను తాను అడగడం మానేశాడు. ఆగకపోతే చాలు. అలారం పెట్టుకుని, ముక్కలు ముక్కలుగా నిద్రపోయి, కళ్ళు లోపలికి పోయాయి. ముక్కుదిబ్బడకు మాత్ర వేసుకోవడానికి కూడా భయం, నిద్ర పడుతుందని. ఎదురింటి జానకమ్మ ఆయన్ని చూసి, జబ్బు ఆవిడ దగ్గర్నుంచి మీకు మారిందాండీ అని వేళాకోళం చేసింది.

పదో రోజు పొద్దున అలారం మోగలేదు.

ఆయన ఉలిక్కిపడి లేచేసరికి కిటికీలో ఎండ. ఎనిమిదిన్నర. వసారాలోకి పరిగెత్తాడు. గట్టు మీద గిన్నె లేదు. అంట్ల బుట్టలో ఉంది, తళతళా కడిగి, బోర్లించి.

వంటింట్లోకి చూడటానికి ధైర్యం చాలలేదు. ఎలాగో చూశాడు. విద్యావతి పొయ్యి దగ్గర నిలబడి ఉంది. తలంటుకున్న జుట్టు ముడి వేసుకుని, మూకుట్లో ఏదో వేయిస్తోంది. గరిటె మూకుడుకు తగిలి టక్... టక్... మంటోంది.

"లేచారా. పాపం, బాగా అలిసిపోయారు. అలారం నేనే ఆపేశాను" అంది, తిరగకుండానే.

ఆ గిన్నెలోది ఏం చేశావని అడగాలి. ఆయన నోరు తెరిచాడు. ఇంక దాని అవసరం ఏముంది లెండి అన్నట్టు ఆమె భుజాలు తేలిగ్గా కదిలాయి. గుమ్మం పక్క పీట మీద కూలబడ్డాడు. గుండె దడదడమంటోంది. ఇలాంటప్పుడు అందరూ దేవుణ్ణి తలుచుకుంటారు, ఆయన నాడి చూసుకుంటాడు. కుడి మణికట్టు పట్టుకుని గడియారం చూశాడు. నిమిషానికి తొంభై ఆరు. భయానికి అంతే ఉంటుంది.

అలవాటు కొద్దీ ఎడమ మణికట్టు కూడా పట్టుకున్నాడు, కట్టు కట్టిన చెయ్యి.

ఒక్కటి... చాలాసేపటికి... రెండు.

తప్పు చూస్తున్నాననుకున్నాడు. వేళ్ళు సర్దుకుని మళ్ళీ పట్టుకున్నాడు. ఒకే మనిషి, ఒకే గుండె, రెండు చేతులకూ ఒకే నాడి. ఇంతకంటే తెలిసిన సంగతి లేదాయనకు. నిమిషం నిండేదాకా లెక్కపెట్టాడు. పద్దెనిమిది. కట్టు కింద, కండ ఊడిన చోట, ఏదో తాపీగా కదులుతోంది.

వంటింట్లో గరిటె టక్... టక్... మంటోంది. ఆయన ఊపిరి బిగబట్టి విన్నాడు. గరిటె, చేతిలోని నాడి, రెండూ కలిసే పోతున్నాయి.

వేలి కింద నాడి ఒక్కసారి తప్పింది.

గరిటె చప్పుడు ఆగిపోయింది.